తిత్తికి దాహం

12 జనవరి 1958, ఆదివారం

ఆరాధనలో రెండో పాట మధ్యలో ఆర్గన్ ఊపిరి పోయింది. మొదట పెద్ద గొట్టాలు, తరువాత చిన్నవి. ఒక్కొక్కటే కిందికి జారి, చివరకు ముసలివాడి దగ్గు వంటి చప్పుడు. సుగుణమ్మ టీచర్ చేతులు స్వరాల మెట్ల మీదనే పెట్టి కూర్చుండిపోయింది. పాట మాత్రం ఆగలేదు. జనమే పాడి ముగించినారు, కొంచెం వేగంగా.

వెనుక గాలి గదిలో మా బాపు ఇంకా గాలి కొడుతూనే ఉన్నాడు. తిత్తి పలక లేవడం లేదు. పిడి మాత్రం లేస్తూ, దిగుతూ... నేను పోయి భుజం ముట్టేదాకా ఆపలేదు.

"నిలుస్తలేదు బిడ్డా. కొట్టిన గాలి కొట్టినట్టె పోతున్నది."

13 జనవరి

మిషన్ ఆస్పత్రిలో మందుల గదికి తాళం వేసి నేరుగా గుడికి. లాంతరు, కొలబద్ద, సుద్దముక్క, కాగితం.

చూసినవి. ముందు వరుస గొట్టాలు: రంగు వెలిసినది, నిలువు చెడలేదు. లోపలి తగరపు గొట్టాలు: కొన్నింటి నోళ్లలో కందిరీగలు మట్టిగూళ్లు కట్టినవి. ఇన్నాళ్లుగా మూగబోయిన స్వరాలు ఇవే. పుల్లతో తీయవచ్చును. కర్ర గొట్టాలు: రెండింటికి బీట. చెద: లేదు. (మళ్లీ చూసినాను. లేదు.) ఎలుకల జాడ: ఆర్గన్‌లో ఎక్కడా లేదు. ఆశ్చర్యం. పక్కనున్న పాటల పుస్తకాల బీరువాను నమిలి పెట్టినవి, తోలును ముట్టలేదు.

తిత్తి: మడతల వెంట, నాలుగు మూలల్లో, తోలు విడిపోయినది. వేలు పెట్టి లాగితే పెళుసుగా విరగలేదు. మెత్తగా, జిడ్డుగా ఊడి వచ్చింది. ఎండిన తోలు ఇట్లా ఊడదు.

కారణం అన్న చోట ఖాళీ వదిలినాను.

19 జనవరి, ఆదివారం

గుడి కమిటీ, పాదిరి అయ్యగారి వరండాలో. ప్రకాశం కార్యదర్శి గనుక రాసేది వాడే. తమ్ముడి అక్షరం నాకన్న గుండ్రం, బడిపంతులు గదా.

"ఎన్నేండ్లని మోస్తం దీన్ని?"... "హార్మోనియమైతే ఊళ్ల ప్రార్థనలకు గూడ ఎత్తుకపోవచ్చు." (తప్పు లేదు ఈ మాటలో.)... "గొట్టాలను కళాయి దుకాణపాయన తూకానికి తీసుకుంటనన్నడు."

నేను లేచి, ఆ తగరంలో సీసం కలిసి ఉంటుంది, వంటగిన్నెలకు పూయరాదు అని మొదలుపెట్టినాను. ప్రకాశం తల ఎత్తకుండానే, "అన్నా, గిన్నెల ముచ్చట కాదిప్పుడు." అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను.

సుగుణమ్మ టీచర్ ఒళ్లోని పాటల పుస్తకం తెరిచి మూసి, తెరిచి మూసి.

నిర్ణయం: ఈస్టర్ నాడు పలికితే ఉంటుంది. పలకకుంటే విప్పి అమ్ముడే. బాగుచేసే భారం నేను అడిగి తీసుకున్నాను.

బాపు మెట్ల మీద కూర్చొని అంతా విన్నాడు. దారిలో ఒకటే మాట.

"నిజంగనే విప్పుతరా?"

"ఈస్టర్ దాక ముట్టరు బాపూ."

అంతలోనే ఇల్లు వచ్చింది. ఇల్లెంత దూరం, గుడి ప్రహరీకి అవతలి పక్క.

26 జనవరి

అయ్యగారు ఆర్గన్ చరిత్ర కూడా రాసిమ్మన్నారు. ఎవరిని అడగను? చూసినవారిలో మిగిలినది బాపు.

తెచ్చినవారు పాత మిషన్ దొరగారు, పోయిన తమ దొరసాని పేరిట. పడవలో బొంబాయి, రైలులో కాజీపేట, అక్కడి నుంచి ఎడ్లబండ్ల మీద కరీంనగరం. బండ్ల వెంట నడిచిన మనుషుల్లో బాపు ఒకడు. నాకప్పుడు పదేండ్లు, పెట్టెలు విప్పిననాటి గడ్డివాసన నాకును గుర్తున్నది. దొరగారు తిత్తిని విప్పి చూపి, ఇదేమో తెలుసునా అన్నారట. బాపు ముక్కుకు ఆనించుకొని, "గొర్రెతోలు" అన్నాడట. ఆ రోజు నుంచి గాలి కొట్టే పని బాపుది.

అంతకు ముందు బాపు పని బావి నీళ్లు తోడే మోటలకు తోలు తొండాలు కుట్టడం. చుట్టుపక్కల ఏ బావి మీద చూసినా బాపు కుట్టిన తొండమే. బాప్తిస్మం తీసుకున్న ఏడు ఇంటి వెనుక తోళ్లు నానే లందను మట్టితో పూడ్చి, దాని మీద నిమ్మచెట్టు పెట్టినాడు. ఇది చరిత్రలో రాయాలా? రాసి కొట్టివేసినాను. మళ్లీ పక్కన రాసుకున్నాను.

నలభై ఎనిమిది గడబిడల్లో గుడి మూతపడిన నెలల్లో... బాపు గోడ దూకి పోయి వచ్చేవాడు. మమ్మల్ని కన్న అవ్వ బతికి ఉన్నది అప్పటికి. "ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నవ్, ఏమున్నదక్కడ?" అంటే, "తిత్తి ఒక్కతి ఉన్నది" అన్నాడు.

3 ఫిబ్రవరి

వడ్రంగి దగ్గర సరేసు జిగురు తెచ్చి నీళ్లలో ఉడికించినాను. కర్రకు కర్ర అతికితే మళ్లీ విడిపోదు. మేలైన మేకతోలు ముక్క కోసి, తిత్తి మూల మీద అతికి, ఇటుక బరువు పెట్టి వచ్చినాను.

4 ఫిబ్రవరి

ఊడిపోయింది. పాలమీగడ తీసినట్లు, ఒక్కచోట కూడా పట్టు లేకుండా.

పాత తోలు మీద సిరా అద్దుడు కాగితం వేసి ఇస్త్రీపెట్టె పెట్టినాను. కాగితం పసుపు పచ్చబడి, మరక పెద్దదై... ముక్కుకు పెట్టుకోనక్కరలేదు. రోజూ సీసాల్లో పోసేవాడిని. ఆముదం.

ఇంటికి వచ్చి భార్య రత్నాన్ని అడిగినాను. పొయ్యి ఊదుతూ చెప్పింది. "మామనే గదా. ఏటేటా మిరుగం రాంగనే ముంత నింపియ్యమంటడు. మోకాళ్లకనుకున్న." కొంతసేపటికి తనే, "మోకాళ్లకు ముంతెడు ఎందుకని ఒక్కసారన్న అడగకపోతి."

5 ఫిబ్రవరి

నిద్రలోనూ అదే లెక్క. మిరుగం (మృగశిర) కార్తెకు ముందు, వానలు దిగకముందు, మోట తొండానికి ఆముదం తాపడం ప్రతి ఊరి పద్ధతి. తాపకుంటే తోలు పగులుతుంది. నీళ్లలో ఆడే తోలుకు అది ప్రాణం. ఎలుకలు ముట్టకపోవడమూ దానివల్లనే. కాని ఆర్గన్ తిత్తి నిలిచేది సరేసు మీద. ఏటేటా తాపిన నూనె తోలు దాటి అతుకులోకి దిగి, పట్టునంతా తిన్నది. ఇక కొత్త ముక్క ఏదీ దాని మీద నిలవదు.

గాలి గదికి బాపు తప్ప ఇంకొకరు ఎన్నడు పోయినారు? అడిగినవారు లేరు, చెప్పినవారు లేరు. దొరగారు కూడా ఆ వాసనను గుడి వాసన అనుకొని ఉంటారు.

బాపుకు చెప్పలేదు.

9 ఫిబ్రవరి

కమిటీకి పరిస్థితి కాగితం ఇచ్చినాను. కారణం: తోలుకు వయసు మీరినది.

ప్రకాశం చదివి, "గింతేనా అన్నా? నువ్వు జ్వరం మందుకు గూడ పేజీ రాస్తవ్."

"ఇంతే."

16 ఫిబ్రవరి

మద్రాసు కంపెనీ నుంచి కార్డు. మనిషిని పంపగలరు, ఆగస్టు దాటిన తరువాత.

బజారులో ఉన్నది చెప్పుల తోలు, పలక వంటిది. డప్పు తోలు పచ్చిది, మడిస్తే విరుగుతుంది. కావలసినది పలుచని, మెత్తని, నూనె తగలని గొర్రెతోలు.

నేను కాగితం మీద గీతలు గీస్తుంటే బాపు మంచం మీంచి, "గొర్రెతోలు తంగేడు చెక్కల నానాలె. నేను చేస్త."

వేళ్ల కణుపులు వాచి ఉన్నవి. నేను చూడడం చూసి దుప్పటి కింద పెట్టుకున్నాడు.

17 ఫిబ్రవరి

ప్రకాశం వచ్చినాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"మన ఇంట్ల మల్ల తోలు నానవెడ్తరా? లంద పూడ్చింది ఎవరు? గా నిమ్మచెట్టు ఎందుకు వెట్టిండు?"... "నన్ను బడిల గోడకు ఒక్కన్నే కూసోవెట్టింది వాసనకే కద. నీకు యాదికున్నదో లేదో."

యాదికున్నది. వాడికి ఆరేండ్లు. ఇటుకపెడ్డతో చేతులు రుద్దుకొని రక్తం తెచ్చుకున్నాడు. ఈనాడు అదే ఊళ్లో వాడి ముందర పిల్లలు చేతులు కట్టుకొని నిలబడతారు. వాడి మాటలో అన్యాయం ఏమీ లేదు.

బాపు లేచి కూర్చున్నాడు. "నేను ఇడిసింది చచ్చిన గొడ్లను మోసుడురా. గడపకాడ నిలవడి గింజలడుక్కునుడు ఇడిసిన. పని ఏం జేసింది? పనిని నేను ఇడువలే, అది పోయింది."

"మరి చెట్టెందుకు వెట్టినవ్?"

"నిమ్మకాయలకు."

ప్రకాశం నవ్వు ఆపుకొని బయటికి పోయినాడు. ఒప్పుకోలేదు. కాని కాదనీ అనలేదు.

23 ఫిబ్రవరి

కటిక దుకాణంలో తోళ్లు ఏరడానికి బాపును రిక్షాలో తీసుకపోయినాను. కళ్లు సరిగా ఆనవు, వేళ్లతోనే. "ఇది ముసలిది... ఇది కందింది... గిది. గిది దొర."

సున్నపు నీళ్లలో వేసినాము. నిమ్మచెట్టు కింద గోలెం.

2 మార్చి

తంగేడు చెక్క, అంటే బెరడు. మానేరు ఒడ్డు బీళ్లలో నేను, రత్నం. తంగేడు పూసి ఉన్నది. కొమ్మ నరుకుతుంటే పూలు రత్నం కొంగు నిండా రాలినవి. దారిలో ఎదురైనవాళ్లతో, మందుకు అన్నది. కాంపౌండర్ పెండ్లాం గనుక నమ్మినారు.

6 మార్చి

ప్రహరీ అవతల నుంచి పొరుగింటి ఎలీషమ్మ. "ఏంది రత్నక్కా, మల్ల పాతపని మొదలువెట్టిండ్రా? ఇల్లంత వాసన."

రత్నం గిన్నెలు తోముతూ, "గుడిల తిత్తికమ్మా. నీ బిడ్డ లగ్గం పాటకు గాలి యాడికెల్లి వచ్చిందనుకున్నవ్? మీ ఆయన ముక్కుల నుంచా?"

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు. తరువాత నవ్వు. సాయంత్రం ఎలీషమ్మ ఎండు తంగేడు కట్ట ఒకటి గోడ మీద పెట్టిపోయింది.

11 మార్చి

బాపు చెక్కనీళ్లలో వేలు ముంచి నాలుకకు రాసుకుంటాడు. "వగరు సాలలే. ఇంకింత చెక్కెయ్." చెక్క ఎంత, నీళ్లెంత అని నేను తూచి రాసుకుంటుంటే, "నువ్వు గూడ నాకి చూడు" అన్నాడు. చూసినాను. మధ్యాహ్నం దాకా నోరు ముడుచుకొని, రోగులకు మందు వేళలు చెప్పడానికి మాట తిరగలేదు. వార్డంతా నవ్వు.

బాపు ఆరోగ్యం... ఇంత నవ్విన ముఖం అవ్వ పోయిన తరువాత ఇదే మొదలు.

23 మార్చి

తోళ్లు తీసినాము. లేత ఎరుపు. కడిగి, నీడన సగం ఆరబెట్టి... బాపు చెయ్యి చాపినాడు. "ముంత తే."

సిద్ధంగా ఉండవలసింది, లేను. తోలు ఆరేముందు నూనె రాయడం ఆ పనిలో ఉన్నదే, ఎట్లా మరిచినాను?

"ఇప్పుడు వద్దు బాపూ. ముందుగాల సరేసుకు అతుకాలె."

"నూనె లేకుంట తోలు మెత్తవడుతదా?"

"లాగుదాం. తాడుకు లాగి లాగి మెత్తజేద్దాం."

"గంత తాకతు ఎవలికున్నది?"... "అతికి, సరేసు ఆరినంక తాపుదమా మరి?"

"ఆరినంక చూద్దాం."

చూద్దాం. ఆ మాట నేను అనకుండా ఉండవలసింది.

25 మార్చి

తాడు మీద తోలు లాగుతున్నాను, ఒక కొన చెట్టుకు కట్టి. అరచేతులు పొక్కినవి. ప్రకాశం బడి నుంచి పోతూ గేటు దగ్గర ఆగినాడు. చాలాసేపు నిలబడి చూసినాడు. తరువాత గడియారం విప్పి జేబులో పెట్టుకొని, చొక్కా చేతులు మడిచి, చెట్టుకు కట్టిన కొన విప్పి తను పట్టుకున్నాడు.

"సక్కగ వట్టు. చెట్టు కన్న నేను నయమే."

పొద్దు వాలేదాకా ఇద్దరమూ. బాపు మంచం మీంచి, "చిన్నోడా, మోచేతి నుంచి గాదు, నడుము నుంచి గుంజు." ప్రకాశం నడుము నుంచి గుంజినాడు.

పోయేటప్పుడు నిమ్మకాయ కోసి చేతులు రుద్దుకున్నాడు. వాసన చూసుకొని, గడియారం మళ్లీ కట్టుకున్నాడు.

31 మార్చి

పాత తోలంతా గీకివేయడమైనది. కర్రకు పట్టిన నూనెను సుద్దపొడి చల్లి లాగి, స్పిరిట్‌తో తుడిచి, మళ్లీ సుద్దపొడి. ఆస్పత్రి స్పిరిట్, అయ్యగారికి చెప్పే వాడినాను.

మూలలు కోయడం కష్టం. మూడు కాగితపు నమూనాలు చెడినవి. నాలుగోది సరిపోయింది.

కందిరీగల గూళ్లు సుగుణమ్మ టీచర్ తీసింది, జడపిన్నుతో. ఒక గొట్టంలో ఎండిన పురుగు. "ఇన్నేండ్లు నా పాటల ఈ స్వరం ఎందుకు రాలేదంటే నువ్వా" అని దానితోనే మాట్లాడింది.

4 ఏప్రిల్, శుభ శుక్రవారం

సరేసు ఆరుతున్నది. ముట్టలేదు. ముట్టనివ్వలేదు.

6 ఏప్రిల్, ఈస్టర్

పలికింది.

మొదటి పాటకు బాపే కొడతానన్నాడు. నేను పక్కన నిలబడినాను. గోడ మీద దారానికి వేలాడే సీసపు గుండు తిత్తిలో గాలి ఎంతున్నదో చూపుతుంది. గాలి నిండితే దిగుతుంది, తగ్గితే ఎక్కుతుంది. పాత తోలు మీద ఈ గుండు ఒక్క క్షణం నిలిచేది కాదట. ఇవాళ దిగి, దిగినచోటనే ఆగింది. బాపు పిడి వదిలి కళ్లు చికిలించి చూసినాడు. "ఎక్కుతలేదు." మళ్లీ చూసి, "ఎక్కుతలేదు బిడ్డా."

గుడి నిండా శబ్దం. చిన్నప్పుడు విన్నది. సుగుణమ్మ టీచర్ వీపు మాత్రమే కనిపించింది, నిటారుగా. ప్రకాశం పాట సగంలో పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

కమిటీ గుమ్మంలోనే నిలబడి తేల్చింది. ఉంటుంది.

ఒకటి రాయాలి. కొత్త తోలు మడత పడినప్పుడల్లా కిర్రుమంటున్నది. గుడిలోకి వినరాదు, గాలి గదిలో వినిపిస్తుంది. నూనె లేని తోలు, కొంతకాలం కిర్రుమంటుంది.

బాపు చెవి ఒగ్గి విన్నాడు. ముఖంలో సంతోషం ఉండగానే ఇంకేదో వచ్చింది.

"దాహమైతున్నది దానికి."

20 ఏప్రిల్

ప్రతి ఆదివారం బాపు అదే మాట. "మిరుగం లోపల తాపాలె."

11 మే

ఎండ. మందుల గదిలో మైనపు లేపనాలు కరుగుతున్నవి.

రత్నం: మామ ముంత అడిగిండు, ఆముదాలు ఇంకా వండలే అని చెప్పిన. ఎన్ని దినాలు చెప్పాలె?

ప్రకాశానికి ఆముదం సంగతి తెలిసింది, రత్నమే చెప్పినట్లున్నది. "గాలి గది తాళం మార్చుడెంతసేపన్నా? లేకుంటె సీదా చెప్పు. దాచి దాచి నువ్వు ఏం జేస్తవ్?"

"నువ్వు చెప్తవా?"

"నేనా..." అని చెప్పు సరిచేసుకొని లేచిపోయినాడు.

12 మే

చెప్పే మార్గాలు, తోచినవి. అయ్యగారి చేత చెప్పించడం: పరాయివారి నోట వినవలసి వస్తుంది, కూడదు. తాళం మార్చడం: ముప్పై ఏండ్లకు పైగా ఆ తాళంచెవి మా ఇంటి మేకుకే ఉన్నది, కూడదు. ముంతలో నూనెకు బదులు ఇంకేదైనా: ముక్కు ఉన్న మనిషి, కూడదు. ఊరికే ఉండడం: మూడు నాలుగేండ్లలో మళ్లీ ఊడుతుంది, ఈసారి బాగుచేసే చేతులు ఉండవు.

మిగిలినది ఒకటి. రాయలేదు, అయినా తెలుసు.

1 జూన్, ఆదివారం

బాపు మెత్తబడినాడు ఈ ఎండకు. పాటలో సగం దాకా కొట్టి, పిడి నా చేతికి ఇచ్చినాడు. కూర్చొని తిత్తిని చూస్తూ... కిర్రు అన్నప్పుడల్లా ఆయన గొంతు కదులుతున్నది, తనే గుటక మింగినట్లు.

7 జూన్, శనివారం

మబ్బులు. సాయంత్రం గాలి గదిలో గుండు దారం మారుస్తున్నాను. బాపు వచ్చినాడు. చేతిలో ముంత, మీద గుడ్డ. రత్నం ఇవ్వలేదు, ఎలీషమ్మ ఇంట్లో అడిగి తెచ్చుకున్నాడు.

"సరేసు ఆరింది గద."

"ఆరింది."

"మరింక?"

"బాపూ, దీనికి ఆముదం పడదు."

"ఏ తోలుకు పడదురా?"

"నీళ్లల్ల ఆడేదానికి పడ్తది. గిది సరేసు మీద నిలవడ్డది. నూనె లోపలికి దిగితే సరేసు ఇడుస్తది."

ముంత కింద పెట్టినాడు. పిడి మీద చెయ్యి వేసి నిలబడినాడు. బయట ఎవరో మేకలను అదిలిస్తున్నారు.

"పాతది గట్లనే పోయిందా?"

లేదు అనడానికి నోరు తెరిచినాను. ఆముదం వాసన గదంతా.

"కొంత పాతబడ్డది. కొంత... గట్లనే."

తల ఊపినాడు. కోపం లేదు. కోపం ఉంటే నాకు సులువయ్యేది.

"ఎలుక ముట్టలే" అన్నాడు. "ఇన్నేండ్లు ఒక్క ఎలుక ముట్టలే."

"ముట్టలే బాపూ. నేను చూసిన. ఒక్క పంటిగాటు లేదు."

నా భుజం పట్టుకొని ఇంటికి నడిచినాడు. ముంత నేను పట్టుకున్నాను. తీసుకపోయి పొయ్యి పక్కన పెట్టినాను.

8 జూన్, ఆదివారం, మిరుగం

ఆరాధనకు వచ్చినాడు. మొదటి పాటకు తానే కొట్టినాడు, నడుము నుంచి, పూర్తిగా. తరువాత తిత్తి పక్కనే కూర్చున్నాడు.

జనం పోయిన తరువాత:

"కిర్రుమంటనే ఉంటదా?"

"ఉంటది. కొన్నేండ్లు."

"దాహంతోని అరుస్తుంటె ఇనుకుంట కూసోవాల్నా నేను?"

గుండు దారం ముడి మళ్లీ బిగించినాను.

మధ్యాహ్నం చేపల కూర, మిరుగం గనుక. ప్రకాశం కుటుంబంతో వచ్చినాడు. బాపు రెండు ముద్దలు తిని లేచినాడు. రత్నం ఆయన పళ్లెం మీద మూత పెట్టింది.

ఇప్పుడు మేకుకు తాళంచెవి లేదు. రత్నం పొయ్యి దగ్గర నుంచి, "ముంత గూడ లేదు" అన్నది. ప్రకాశం నన్ను చూసినాడు. "పోయి చూసి రారాదన్నా?"

గొడుగు తీసినాను. మళ్లీ మూలకు పెట్టి, ఇక్కడ కూర్చొని ఇది రాస్తున్నాను.

వాన మొదలైంది. గోడ అవతల బాపు గాలి కొడుతున్నాడు. ఆర్గన్ వాయించేవారు ఎవరూ లేరు. కిర్రు... ఆగి, కిర్రు. ఇంకా అంటున్నది, నూనె తగలని తోలే. ఇంతవరకైతే అంటున్నది.

పెంకుల మీద వాన పెద్దదవుతున్నది. సరిగా వినరావడం లేదు...